బోటు కడుపులో నీళ్లు



సముద్రం ఒడ్డున ఉన్న మన గంజాం ఊళ్లలో ఒక మాట తరచు వినబడుతూ ఉంటుంది. "బోటు మునుపటిలా నడవడం లేదు మాస్టారూ, ఇంజను అయిపోయినట్టుంది" అంటారు. ఇంజను విప్పిస్తారు, పిస్టన్ రింగులు మార్పిస్తారు, అప్పు చేసి ఇంకా పెద్ద ఇంజను తగిలిస్తారు. అయినా బోటు నడవదు. జబ్బు ఇంజనులో లేదు, బోటు కడుపులో ఉంది. ఫైబర్ బోటు లోపల, రెండు పొరల నడుమ నింపిన ఫోమ్ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నీళ్లు తాగి స్పాంజిలా తయారవుతుంది. పైకి చూస్తే బోటు నున్నగా, రంగు వేసి, పేరు రాసి, పువ్వుల దండతో కళకళలాడుతూనే ఉంటుంది. ఆ నీళ్లు తాగిన ఫోమ్‌ను బయటకు తీయడం గురించి ఈ రోజు మీతో మాట్లాడదలచుకున్నాను.

నేను బడిపంతులుని. పిల్లలకు ఒడియాలోనూ తెలుగులోనూ సైన్సు చెప్పుకునేవాణ్ని, బోట్లు కట్టే మేస్త్రీని కాను. ఈ సంగతి నాకు తెలిసింది మా బావ బోటు వల్ల. అందులో నేను చేసిన పొరపాటు కూడా ఒకటి ఉంది. అదీ దాచకుండా చెబుతాను.

ముందుగా ఈ ఫోమ్ అక్కడికి ఎలా వచ్చిందో చూద్దాం. మన తాతల కాలంలో తెప్ప ఉండేది. తేలిక కర్ర దుంగలు నాలుగైదు తాళ్లతో కట్టినది. దానికి మునగడం అంటే తెలియదు, ఎందుకంటే కర్రే తేలుతుంది. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగలను ఒడ్డున ఎండబెట్టేవారు. ఎందుకంటే కర్ర కూడా నీళ్లు తాగి బరువెక్కుతుందని వాళ్లకు తెలుసు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టిన మసూలా పడవ కూడా ఉండేది. అలల దెబ్బకు విరగకుండా వంగేది. తరువాత మంచి కర్ర దొరకడం కష్టమైంది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమం, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో, అలలు విరిగే ఒడ్డుకు నేరుగా ఎక్కగలిగే బోట్లను 1980లలో తయారుచేసి మన ఒడిశా, ఆంధ్ర తీరాలలో పరీక్షించింది. రానురాను ఫైబర్ బోటు, ఫైబర్ తెప్ప మన రేవులన్నిటికీ వచ్చేశాయి. గోపాలపురం, ఆర్జిపల్లి, సోనాపురం, మార్కండి ఎక్కడ చూసినా అవే.

ఫైబర్ అంటే గాజు దారాల చాప, దాన్ని బిగించే రెసిన్. ఇవి నీటికన్నా బరువైనవి. బోటు ఖాళీగా ఉన్నప్పుడు లోపలి గాలి వల్ల తేలుతుంది. బోల్తాపడి నీళ్లు నిండితే రాయిలా దిగిపోతుంది. ఆ ప్రమాదం రాకుండా పక్కల్లోనూ, డెక్కు కిందా, ముందు భాగంలోనూ ఫోమ్ నింపుతారు. మంచి గట్టి ఫోమ్ ఒక ఘనమీటరు సుమారు 35 కిలోలు తూగుతుంది. అదే చోటును నీళ్లు ఆక్రమిస్తే వెయ్యి కిలోలు. అంటే ఒక ఘనమీటరు ఫోమ్ నీటిలో మునిగితే దాదాపు 950 కిలోల బరువును పైకి మోస్తుంది. ఆర్కిమెడీస్ సూత్రం, తొమ్మిదో తరగతి పాఠం. బోల్తాపడిన బోటును పట్టుకుని నలుగురు మనుషులు తెల్లవారేదాకా వేలాడగలిగారంటే ఆ ఫోమ్ చలవే.

ఈ ఫోమ్‌లో కోట్ల చిన్న గదులుంటాయి. ఒక్కో గది మూతపడి, లోపల గాలి బంధించి ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు నీళ్లలో పడేసినా పై పొర తడుస్తుంది, అంతే. కానీ బోటు ప్రతి రోజూ ఒడ్డుకు ఢీకొంటుంది, అలల మీద దబదబ పడుతుంది, ఎండకు వ్యాకోచించి రాత్రికి ముడుచుకుంటుంది. ఆ గదుల గోడలు పలచనివి, క్రమంగా చిట్లుతాయి. ఈలోగా నీళ్లకు దారి కావాలి. ఆ దారి మనమే ఇస్తాం. ఇంజను బిగించడానికి వెనుక పలకకు నాలుగు బోల్టులు వేస్తాం, వల తాడు కట్టుకోవడానికి డెక్కు మీద రెండు కొక్కేలు, దీపం స్తంభానికి మూడు మరలు. ఒక్కొక్క రంధ్రం లోపలి ఫోమ్ దాకా పోయే పంపు గొట్టమే. ఇసుకలో ఈడ్చి ఈడ్చి అడుగు అరిగిపోయిన చోట, పైన రంగు కింద జెల్‌కోట్ చిట్లిన చోట కూడా అంతే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు పగిలిన బోట్లకు తరువాత హడావిడిగా పైపైన మాసికలు వేసుకున్న వాళ్లు నాకు తెలుసు. పగుళ్లు మూశారు. లోపలికి అప్పటికే చేరిన నీళ్లనూ దానితోపాటు మూసేశారు.

మా బావ బోటు అలాంటిదే. దాన్ని ఇసుక మీదకు ఎక్కించడానికి మొదట్లో ఎనిమిది మంది సరిపోయేవారు. తరువాత పది, ఆ తరువాత పన్నెండు. "కుర్రాళ్లకు ఒంట్లో సత్తువ లేదు, టీలు తాగి, ఫోన్లు చూసుకుని పాడైపోయారు" అని బావ తిట్టేవాడు. నేనూ నమ్మాను. ఒక మార్గశిరం తెల్లవారుజామున బయటకు పోతుంటే మూడో కెరటం దగ్గర బోటులోకి నీళ్లు దూకాయి. మామూలుగా అయితే కొంచెం కిందికి దిగి, నీళ్లు తోడుకుంటే లేచేది. ఆ రోజు వెనుక భాగం అలాగే కూరుకుపోయింది. ముక్కు ఆకాశం వైపు చూస్తోంది. నలుగురూ ముక్కు పట్టుకుని వేలాడారు. పక్క బోటువాళ్లు తాడు విసిరి లాక్కొచ్చారు కాబట్టి ఈ రోజు నవ్వుతూ చెప్పగలుగుతున్నాను. నీళ్లు తాగిన ఫోమ్ రెండు ద్రోహాలు చేస్తుంది. మామూలు రోజున బరువు పెంచి డీజిలు తాగిస్తుంది. ఆపద రోజున తేల్చవలసిన వేళ తేల్చదు. మొదటి నష్టం జేబుకు తెలుస్తుంది. రెండోది ఆ రోజు వచ్చేదాకా తెలియదు.

అప్పుడు నేను నా చదువు చూపించాను. "బావా, వెనుక అడుగున నాలుగు రంధ్రాలు పెట్టి, ముక్కు ఎత్తి, ఎండలో పెట్టు. నీళ్లన్నీ కారిపోతాయి" అన్నాను. పెట్టాం. మొదటి రోజు రెండు బకెట్లు కారాయి, కుళ్లిన గుడ్ల వాసనతో. మూడో రోజుకు చుక్కలు ఆగిపోయాయి. బాగుపడిందనుకున్నాం. రంధ్రాలు మూసి నీళ్లలోకి దించితే మళ్లీ పన్నెండుగురు! కారినవి ఫోమ్ చుట్టూ సందుల్లో నిలిచిన నీళ్లు మాత్రమే. చిట్లిన గదుల్లోని నీళ్లు వాటంతట అవి బయటకు రావు. తడిసిన స్పాంజిని పిండకుండా ఆరవేస్తే పైన ఆరి లోపల తడిగానే ఉంటుంది, చూడండి. పైగా ఇక్కడ స్పాంజి ఫైబర్ పెట్టెలో బిగించి ఉంది. నెలల తరబడి ఎండలో పెట్టినా లోపలి పొర ఆరదు. తీసేయడం ఒక్కటే దారి.

ఈ జబ్బు మన బోట్లకే కాదు. సముద్రం మీద స్కూటరులా నడిపే జెట్ స్కీని టీవీలో మీరు చూసే ఉంటారు. అందులో కూర్చునేవి ఒక రకం, నిలబడి నడిపేవి మరో రకం. జపాను కవాసాకి కంపెనీ 1970లలో మొదలుపెట్టిన నిలబడే రకం చిన్న పడవలో ముందు ముక్కులోనూ, మనిషి నిలబడే తొట్టి పక్కల్లోనూ ఇదే ఫోమ్ ఉంటుంది. పాతది కొని, ఇంజను ఎంత బాగుచేసినా పరుగెత్తడం లేదని తలపట్టుకుని, చివరకు తొట్టి కోసి తడి ఫోమ్ తవ్వి తీసుకునేవాళ్లు అమెరికాలోనూ జపానులోనూ ఉన్నారు. వాళ్లకది ఆటవస్తువు, మనకు అన్నం పెట్టే బోటు. ఫోమ్‌కు మాత్రం ఆ తేడా తెలియదు.

మరి మన బోటులో ఫోమ్ తడిసిందో లేదో కోయకుండా తెలుసుకోవడం ఎలా? బోటు కొత్తగా ఉన్నప్పుడు గాలి లేని రోజున, ఖాళీ బోటును ఉప్పుటేటిలో గాని ఏటి మొగలో గాని నిలిపి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో ముందూ వెనుకా ఎర్ర రంగుతో గీత గీయండి. ఏడాదికోసారి అదే చోట చూడండి. నీటి మట్టం దగ్గర బోటు వైశాల్యం 8 చదరపు మీటర్లు అనుకుందాం. గీత 5 సెంటీమీటర్లు కిందికి దిగిందంటే లెక్క ఎంత? 8ని 0.05తో హెచ్చిస్తే 0.4 ఘనమీటరు, అంటే 400 కిలోలు. 50 కిలోల బియ్యం మూటలు ఎనిమిది ఎవరికీ కనబడకుండా మీ బోటులో ఎక్కి కూర్చున్నాయన్నమాట. వాటిని రోజూ సముద్రంలోకి తీసుకుపోయి, మళ్లీ తీసుకొస్తున్నారు. కూలి లేకుండా! గీత గీయనివాళ్లు చేత్తో కొట్టి వినండి. పొడిగా ఉన్నచోట డొల్లగా, తేలికగా మోగుతుంది. తడిసినచోట దభ్‌మని మొద్దుగా పలుకుతుంది. అనుమానం వస్తే డెక్కు మీద, నీటికి పైన ఉండే చోట, చిన్న రంధ్రం తొలిచి బరమాకు అంటుకొచ్చిన ఫోమ్‌ను వేళ్లతో నలపండి. తడి ఉంటే చేతికే తెలుస్తుంది.

ఇక పని. దీనికి కాలం కావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో యంత్రాల వేటకు నిషేధం ఉండే 61 రోజులూ ఎండలు మండిపోతాయి. ఈ పనికి అంతకన్నా మంచి కాలం లేదు. మేమూ అప్పుడే చేశాం. ఫైబర్ పని తెలిసిన మేస్త్రీని పిలిచాం. ఆయన మొదట చేసిన పని నాకు నచ్చింది. కోయడానికి ముందు బోటు కింద పొడవునా ఇసుక బస్తాలు సమానంగా పేర్చాడు. ఎందుకని అడిగితే, "మాస్టారూ, లోపల ఫోమే దీనికి వెన్నుపూస. అది తీసేస్తే ఒళ్లు వంకర పోతాది. వంకర పోయాక డెక్కు మూస్తే జన్మంతా వంకరే" అన్నాడు. అందుకే పక్కలు రెండూ ఒకేసారి కోయకుండా ఒక పక్క పని పూర్తిచేసి రెండో పక్కకు వెళ్లాడు.

డెక్కును అంచుల దాకా కోయకూడదు. చుట్టూ మూడు అంగుళాల పట్టీ వదిలి లోపలి ముక్కను మాత్రమే కోయాలి. మళ్లీ మూసేటప్పుడు ఆ పట్టీ మీదనే కొత్త చాప అతుకుతుంది. కోసే చక్రం లోతు డెక్కు మందానికి మించకూడదు, తొందరపడితే బోటు పక్కకే చీలిక పడుతుంది. గాజు ధూళి గొంతులోకి, కళ్లలోకి పోకుండా ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు, ఒంటికి పొడుగు చేతుల చొక్కా తప్పవు. తలపాగా గుడ్డ ముక్కుకు చుట్టుకుంటే చాలదు, ఆ ధూళి గుడ్డలోంచి దూరిపోతుంది. మా బావ వినలేదు, నాలుగు రోజులు ఒళ్లంతా గోక్కున్నాడు.

మూత ఎత్తగానే పైన అరచేయి మందాన ఫోమ్ పసుపుపచ్చగా, పొడిగా ఉంది. "చూశావా, బాగానే ఉంది" అన్నాడు బావ. ఉలి దించితే కింద గోధుమ రంగు, ఇంకా దించితే నల్లటి ముద్ద. నీళ్లు పల్లానికి పోతాయి కాబట్టి వెనుక భాగంలో, అడుగున అన్నిటికన్నా ఎక్కువ ఉంటాయి. ముందు నుంచి మొదలుపెడితే సగంలో ఓపిక పోతుంది. వెనుక నుంచే మొదలుపెట్టాలి. పార, వెడల్పు ఉలి, పొడుగు పిడి గోకుడు కత్తి ఇవే పనిముట్లు. పెద్ద ముక్కలుగా పెళ్లగించి, ఫైబర్‌కు అంటిన పొరను తీగల బ్రష్షుతో గీకాలి. పెట్రోలు పోసి కరిగిద్దామన్నారు ఎవరో. వద్దు. ఈ ఫోమ్ పెట్రోలుకు కరగదు, పైగా మూసిన చోట ఆవిరి నిలిచి నిప్పు అంటుకుంటుంది. ఒక గోనెసంచి తడి ఫోమ్‌ను బియ్యం కొట్టు కాటాలో తూచాం. 21 కిలోలు. అంతే సంచి పై పొర పొడి ఫోమ్ రెండు కిలోలు కూడా లేదు. తడి సంచులు మొత్తం పాతిక దాకా వచ్చాయి. అప్పుడు బావ కాటా ముందు కూర్చుండిపోయి, "కుర్రాళ్లను ఊరికే తిట్టానురా" అన్నాడు.

ఖాళీ అయ్యాక వెంటనే కొత్తది పోయకూడదు. ముందు మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి, ఎందుకంటే ఫైబర్‌కు అంటిన ఉప్పు గాలిలో తేమను మళ్లీ పీల్చుకుంటుంది. తరువాత పది పదిహేను రోజులు ఎండ. ఆరిందో లేదో చూడడానికి ఒక చిట్కా ఉంది. సాయంత్రం ఒక జానెడు ప్లాస్టిక్ కాగితం లోపలి గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించండి. పొద్దున్నే కాగితం లోపల చెమట పడితే ఇంకా ఆరలేదు. వెనుక పలకలో చెక్క ఉన్న బోట్లలో ఆ చెక్క కూడా కుళ్లి ఉండవచ్చు. ఉలితో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే దాన్నీ మార్చవలసిందే, ఇంజను వేలాడేది దాని మీదే కదా.

కొత్త ఫోమ్ రెండు ద్రవాలుగా వస్తుంది. డబ్బా మీద రాసిన పాళ్లలో, సాధారణంగా చెరి సగం, కలిపితే నిమిషాలలో పాలు పొంగినట్టు ఇరవై ముప్పై రెట్లు పొంగి గట్టిపడుతుంది. పొంగేటప్పుడు బాగా వేడి పుడుతుంది. ఒకేసారి అంతా పోస్తే లోపల మాడిపోతుంది, లేదా బోటు పక్కను ఉబ్బించి బయటకు తోస్తుంది. లీటరు రెండు లీటర్లుగా, ఒక పొర చల్లారాక మరో పొర పోయాలి. దాని ఆవిరి ఉబ్బసం ఉన్నవాళ్లకు చాలా ప్రమాదం. వాళ్లు దగ్గరకు రాకూడదు. చవక అని కొందరు థర్మోకోల్ ముక్కలు పేర్చి పైన రెసిన్ పూస్తారు. మామూలు బోటు రెసిన్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. ఉదయం చూస్తే లోపల గుహ!

రెసిన్ గురించి ఒక హెచ్చరిక, దీన్ని దయచేసి శ్రద్ధగా వినండి. రెసిన్‌లో రెండు మందులు కలుపుతారు. ఊదారంగులో ఉండేది యాక్సిలరేటర్, నీళ్లలా ఉండేది హార్డెనర్. ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి నేరుగా ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది. ముందు యాక్సిలరేటర్‌ను రెసిన్‌లో బాగా కలిపి, ఆ తరువాతనే హార్డెనర్ పోయాలి. అది కిలో రెసిన్‌కు 10 నుంచి 20 గ్రాములు. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు, వెంటనే నీళ్లతో చాలాసేపు కడిగి ఆసుపత్రికి పోవాలి. ఒక సీసా హార్డెనర్‌ను నీళ్ల సీసా పక్కనే పెట్టుకున్న మేస్త్రీలను నేను చూశాను.

మూసేముందు అడుగున పొడవునా ఒక సగం గొట్టం బోర్లించి, దాని చివర వెనుక బిరడా పెట్టించాం. మళ్లీ నీళ్లు చేరితే ఫోమ్ పట్టేలోగా ఆ దారిలో బయటకు వస్తాయి. ప్రతి బోల్టు రంధ్రాన్నీ పెద్దది చేసి, రెసిన్‌తో నింపి, గట్టిపడ్డాక నడుమ కొత్త రంధ్రం తొలిచాం. ఈ చిన్న పని చేసి ఉంటే మొదటిసారే ఇంత కథ ఉండేది కాదు. ముందు భాగంలో మాత్రం ఫోమ్ పోయకుండా, మూతలు బిగించిన ఖాళీ నీళ్ల సీసాలు నింపి, పైన మరలతో ఊడదీసే మూత పెట్టించాను. లీటరు సీసా దాదాపు కిలో బరువు తేలుస్తుంది. ఒకటి చితికితే తీసి మరొకటి వేయవచ్చు, లోపల చేయి పెట్టి తడి చూడవచ్చు. మేస్త్రీకి ఇది నచ్చలేదు, "చెత్త ఏరుకునే పని" అన్నాడు. నాకు మాత్రం కనబడని ఫోమ్ కన్నా కనబడే సీసా మీదే గురి ఎక్కువ.

జూన్ నడుమ బోటు నీళ్లలోకి దిగింది. సాయంత్రం తిరిగి వచ్చాక లెక్కపెట్టాను, ఒడ్డుకు ఎక్కించింది తొమ్మిది మంది. అందులో ఒకడు ఊరికే చేయి వేసిన పిల్లవాడు, మా బడివాడే. బావ మర్నాడు ఉప్పుటేటికి తీసుకుపోయి ఎర్ర గీతలు గీయించుకున్నాడు, నా చేతనే.

మిగిలింది ఆ పాతిక సంచులు. వాటిని ఇసుకలో పారేస్తే నలిగి పొట్టు అయి నీళ్లలో తేలుతుంది. చేపలు, తాబేళ్లు తిండి అనుకుని మింగుతాయి. మనకు ఋషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేల సంఖ్యలో గుడ్లు పెట్టే ఒడ్డు ఉంది. వాటి కోసమే కదా నవంబరు 1 నుంచి మే 31 వరకు ఆ మొగ ఎదుట వేట ఆపుతున్నాం. తగలబెడితే ఇంకా పాపం, ఆ పొగలో సైనైడు విషవాయువు ఉంటుంది. బావ కుర్రాళ్లు అగ్గిపెట్టె తీస్తుంటే నేనే ఆపి, అన్నీ ఎడ్లబండి మీద మా ఇంటికి తెప్పించాను. వాటిని తీసుకునేవాళ్లు ఇంకా దొరకలేదు. మా పెరట్లో, కొబ్బరి చెట్టు కింద, తాడుతో కట్టి ఉన్నాయి. మా ఆవిడ రోజూ వాటి సంగతి అడుగుతూనే ఉంది.